గద్దాఫీ మరణం: సంబరానికీ సంతాపానికీ మధ్య

2011 అక్టోబరు 20వ తేదీ గురువారం నాడు లిబియాలోని సిర్త్ పట్టణంలో కర్నల్ ముఅమ్మర్ గద్దాఫీ హతులయ్యారు. మరునాడు జుమా. నమాజు ముగిసి జనం మసీదు వరండాలో చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఇద్దరి మధ్య మాట పెరిగింది. ఒకరు డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన ఇంటి ముందు గదిలో పాతికేళ్లకు పైగా గద్దాఫీ చిత్రపటం వేలాడుతున్న సంగతి మా పేటలో అందరికీ తెలుసు. ఇమాం సాహెబ్ చెయ్యి పట్టుకుని, "అమెరికాకు ఎదురు నిలిచిన మనిషి పోయాడు హజ్రత్, గాయబానా జనాజా నమాజైనా చదివించండి" అని కన్నీళ్లతో అడిగారు. రెండోవాడు లిబియాలో నిర్మాణపు పనులు చేసి 2011 మార్చిలో కట్టుబట్టలతో తిరిగివచ్చిన యువకుడు. "చాచా, మీరు ఆయన ఫోటో చూశారు. మేము ఆయన రాజ్యం చూశాం. జాలిమ్ పోయాడు. షుక్రానా చదవాలి గానీ జనాజా ఎందుకు?" అన్నాడు.

ఇమాం సాహెబ్ అనుభవజ్ఞులు. మన హనఫీ ఫిఖహ్‌లో మయ్యిత్ ఎదుట లేనిదే జనాజా నమాజు లేదని, అబిసీనియా రాజు నజాషీ కోసం దైవప్రవక్త (స) చదివినది ఆయనకే ప్రత్యేకమని మన ఇమాములు భావించారని, దుఆ చేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదని చెప్పి, మెల్లగా హుజ్రాలోకి వెళ్లిపోయారు. నమాజు సమస్య తీరింది. అసలు ప్రశ్న తీరలేదు. ఆ ఇద్దరూ పక్కనే నిలబడి ఉన్న మా వైపు చూశారు. పత్రిక నడిపేవాళ్లం గనుక ఏదో ఒకటి తేల్చి చెబుతామని వారి ఆశ. ఆ రోజు మేము ఏమీ చెప్పలేకపోయాము. ఈ నెల సంపాదకీయం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

మా మసీదు వరండాలో జరిగిందే ఆ వారమంతా లోకంలో జరిగింది. ట్రిపోలీ, బెంఘాజీ, మిస్రాతా వీధులలో జనం తుపాకులు గాలిలోకి పేల్చి పండుగ చేసుకున్నారు. వెనిజులా అధ్యక్షుడు హ్యూగో చావెజ్ ఆయనను అమరవీరుడన్నారు. బ్రిటిష్ ప్రధాని కామెరాన్ లాకర్బీ విమాన మృతులను స్మరించుకోవలసిన రోజన్నారు. అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ టీవీ కెమెరా ముందు పకపకా నవ్వారు. లాకర్బీ మృతుల బంధువులలోనే కొందరు ఊపిరి పీల్చుకుంటే, కొందరు అసలు నిజం ఆయనతోపాటే పోయిందని బాధపడ్డారు. లెబనాన్‌లో 1978 నుంచి తమ నాయకుడి కోసం ఎదురుచూస్తున్న షియా సోదరులు సంతోషించారు. సిరియాలో జుమా ఊరేగింపులు తీసినవారు తరువాతి వంతు బషారుదేనని నినాదాలు చేశారు. సిర్త్‌లో, బనీ వలీద్‌లో ఎంతమంది ఏడ్చారో ఎవరూ కెమెరా పెట్టి చూపలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. తెలుగులో మనిషి మరణం గురించి రాయాలంటే క్రియాపదం దగ్గరే కలం ఆగుతుంది. "మరణించారు" అనాలా, "చచ్చాడు" అనాలా? నిన్నటి దాకా "గద్దాఫీ అన్నారు" అని రాసిన కలాలే ఆ రాత్రి ఏకవచనంలోకి దిగిపోయాయి. మేము బహువచనమే వాడుతున్నాము. అది ఆయన పాలనకు మా ఆమోదం కాదు. శవం పట్ల మా అలవాటు మాత్రమే.

ముందుగా ఆ పెద్దాయన కన్నీళ్ల సంగతి చూద్దాం. నేటి యువతరానికి గద్దాఫీ అంటే వింత దుస్తులు, గుడారం, చుట్టూ మహిళా అంగరక్షకులు. అంతకుముందు తరానికి ఆయన వేరు. 1911లో ఇటలీ లిబియాపై దండెత్తింది. ప్రపంచ చరిత్రలో విమానం నుంచి మొదటి బాంబు పడింది ఆ నేల మీదనే, 1911 నవంబరు 1న. 2011 నవంబరుకు సరిగ్గా నూరేళ్లు. ఆ తరువాత తూర్పు లిబియాలో సుమారు లక్ష మంది ఎడారి ప్రజలను ముళ్లకంచెల శిబిరాలలో కుక్కారు. వేలకు వేలు అక్కడే రాలిపోయారు. ఖుర్ఆన్ బోధించుకునే వృద్ధ గురువు ఉమర్ ముఖ్తార్ ఇరవయ్యేళ్లు గుర్రం మీద పోరాడి, 1931 సెప్టెంబరు 16న తన ప్రజల కళ్లెదుటే ఉరికంబం ఎక్కారు. ఈ దేశానికి 1951లో స్వాతంత్ర్యం వచ్చినా బ్రిటిష్ స్థావరాలు, అమెరికా వైమానిక స్థావరం అక్కడే మిగిలాయి. 1959లో చమురు బయటపడింది. లాభం కంపెనీలకు, రాజు ఇద్రీస్ చుట్టూ ఉన్నవారికి.

1969 సెప్టెంబరు 1న, రాజు చికిత్స కోసం తుర్కీలో ఉన్న సమయంలో, ఇరవై ఏడేళ్ల ఒక బదూ గుడారం బిడ్డ కొందరు యువ సైనికాధికారులతో కలిసి రక్తపాతం లేకుండా అధికారం చేజిక్కించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే విదేశీ స్థావరాలు ఖాళీ అయ్యాయి. చమురు కంపెనీలను ఒక్కొక్కటిగా పిలిచి ధర పెంచమన్నాడు, పన్ను పెంచమన్నాడు. పెంచారు. అంతకుముందు అరబ్బు దేశమేదీ ఆ పని చేయగలదని ఎవరూ అనుకోలేదు. ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రులు, ఇళ్లు వచ్చాయి. స్వాతంత్ర్యం నాటికి పదిమందిలో ఒకరికి కూడా చదువు రాని దేశంలో ఆడపిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. సహారా ఇసుక కింది నీటిని వందల మైళ్లు గొట్టాలలో తీర నగరాలకు తెచ్చారు.

మైనారిటీలుగా బతికే మనవంటివారికి ఆయన మరొక విధంగా కూడా తెలుసు. ఫిలిప్పీన్స్‌లో మోరో ముస్లింలు తమ నేల మీద తామే మైనారిటీగా మారి తుపాకులు పట్టిన కాలంలో, వారి మాట వినడానికి మనీలా ప్రభుత్వాన్ని ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది లిబియాయే. 1976 డిసెంబరులో కుదిరిన ఒప్పందాన్ని నేటికీ ట్రిపోలీ ఒప్పందం అనే పిలుస్తారు. దక్షిణాఫ్రికాలో నల్లజాతివారిని జైళ్లలో పెట్టిన రోజులలో పెద్ద దేశాలు వ్యాపారం చేసుకుంటుంటే, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు చేయూతనిచ్చిన వారిలో ఆయన ఒకరు. నెల్సన్ మండేలా ఆ రుణం మరువలేదు. 1997లో అమెరికా అభ్యంతరాన్ని లెక్కచేయకుండా లిబియా వెళ్లి ఆయనను కౌగిలించుకున్నారు. లాహోరులోని క్రికెట్ మైదానానికి 1974 ఇస్లామీ శిఖరాగ్ర సభ తరువాత ఆయన పేరు పెట్టారు. ఉమర్ ముఖ్తార్ కథను ఆయన ధనంతోనే సినిమాగా తీశారు. ఇటలీ దాన్ని ఏళ్ల తరబడి ప్రదర్శించనీయలేదు గానీ, మన మొహల్లాలలో అద్దె వీడియో క్యాసెట్ మీద రాత్రంతా జాగారం చేసి చూసినవారం మేమూ ఉన్నాము. కాబట్టి పెద్దాయన గోడ మీది పటం అజ్ఞానం కాదు. దాని వెనుక ఒక తరం ఆత్మగౌరవపు దాహం ఉంది.

అయితే ఆ పటం 1970ల నాటిది. మనిషి అక్కడ ఆగిపోలేదు.

ఏప్రిల్ 7వ తేదీ అంటే లిబియా విశ్వవిద్యాలయాలలో వణుకు పుట్టేది. విద్యార్థుల నిరసనను అణచివేసిన ఆ తేదీనే తరువాతి సంవత్సరాలలో ఉరిశిక్షలకు ఎంచుకున్నారు. 1984లో బెంఘాజీ క్రీడామందిరంలో బడిపిల్లలను కూర్చోబెట్టి ఒక యువకుడిని ఉరితీసి, ఆ దృశ్యాన్ని టెలివిజన్‌లో చూపారు. లెబనాన్ షియాల పెద్ద ఇమామ్ మూసా సద్ర్ 1978 ఆగస్టులో గద్దాఫీ అతిథిగా ట్రిపోలీ వెళ్లారు. మరి తిరిగి రాలేదు. 1996 జూన్ చివరలో అబూ సలీం కారాగారంలో కొన్ని గంటల్లో 1,200 మందికి పైగా ఖైదీలను కాల్చి చంపారని మానవహక్కుల సంస్థలు చెబుతున్నాయి. వారిలో చాలామంది కేవలం దీన్‌దార్లని అనుమానించి పట్టుకున్నవారు. అన్నిటికన్నా మమ్మల్ని కలచినది తరువాతి కథ. ఆ తల్లులు, భార్యలు ఏళ్ల తరబడి బట్టలు, తిండి, మందులు మూటగట్టుకుని జైలు తలుపు దగ్గరికి వెళ్లేవారు. కాపలావాళ్లు మూట తీసుకునేవారు. మనిషి చనిపోయాడని చెప్పేవారు కాదు. చివరకు ఆ కుటుంబాలే బెంఘాజీలో ప్రతి శనివారం ఫోటోలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాయి. వారి న్యాయవాదిని 2011 ఫిబ్రవరి 15న అరెస్టు చేయడంతోనే లిబియా రాజుకున్నది. నాటో వచ్చింది నెల తరువాత. ఈ తిరుగుబాటును విదేశీ కుట్రగా మాత్రమే చెప్పేవారు ఆ తల్లుల ముఖం చూసి ఆ మాట అనగలరా?

పాలస్తీనా మిత్రుడని కొనియాడేవారికి మరో మాట. 1995లో ఓస్లో ఒప్పందం మీద కోపంతో ఆయన తన దేశంలో బతుకుతున్న పాలస్తీనీయులను వేల సంఖ్యలో వెళ్లగొట్టారు. నాయకుల ఒప్పందానికి శిక్ష పడింది కూలీలకు, ఉపాధ్యాయులకు. ఈజిప్టు సరిహద్దు వద్ద గుడారాలలో పిల్లాపాపలతో నెలల తరబడి పడి ఉన్నవారు ఉన్నారు. ఇక ఇస్లాం సింహమని అనేవారు, హదీసుల ప్రామాణికతనే ప్రశ్నించి, హిజ్రీ శకాన్ని పక్కన పెట్టి ప్రవక్త (స) నిర్యాణం నుంచి సంవత్సరాలు లెక్కించమన్న పాలకుడు ఎవరో, ఎదురు చెప్పిన ఉలమాలను ఏం చేశారో ఒక్కసారి విచారించుకోవాలి.

మా పత్రిక మైనారిటీ హక్కుల పత్రిక గనుక ఒక విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాము. నఫూసా కొండలలో అమాజిగ్ ప్రజలున్నారు. మనం పుస్తకాలలో బెర్బర్లని చదువుకున్నవారు. అరబ్బుల రాకకు ముందు నుంచీ అక్కడివారు, ముస్లింలు. గద్దాఫీ దృష్టిలో అటువంటి జాతే లేదు. ఉన్నది అరబ్బులు మాత్రమే. వారి భాషలో బడి ఉండేది కాదు, పుస్తకం ఉండేది కాదు. జననాల రిజిస్టరులో పిల్లవాడికి అమాజిగ్ పేరు రాయనిచ్చేవారు కాదు.

ఈ చివరి మాట మాకు గుచ్చుకుంది. ఉద్యోగ జీవితంలో కొన్నేళ్లు మేము ఒక పురపాలక కార్యాలయంలో జనన మరణాల రిజిస్టరు రాశాము. మన పిల్లల పేర్లు అక్కడ ఎన్ని అవతారాలు ఎత్తేవో చూశాము. తండ్రి ఒకటి చెబితే గుమాస్తా ఒకటి రాసేవాడు, బడిలో మరొకటి, రేషను కార్డులో ఇంకొకటి. ఆ ఒక్క అక్షరం కోసం బి.సి.-ఇ ధ్రువపత్రం ఆగిపోయి, పాసుపోర్టు ఆగిపోయి, మనవాళ్లు నోటరీల చుట్టూ తిరగడం పాఠకులకు కొత్త కాదు. ఇక్కడ అది అలసత్వం. అక్కడ అదే చట్టంగా ఉండేది. పేరు పెట్టుకునే హక్కు కోసం మనం ఇక్కడ దరఖాస్తులు రాస్తూ, ఆ హక్కును లాక్కున్న పాలకుడిని అక్కడ వీరుడనడం ఎలా కుదురుతుంది? దక్షిణాన తుబూ ప్రజలలో కొందరి పౌరసత్వాన్నే ఆయన ప్రభుత్వం రద్దు చేసింది. పౌరసత్వం అన్న మాట విన్నప్పుడు మనం ఉలిక్కిపడకుండా ఉండగలమా?

ఇంతవరకు యువకుడి పక్షం బలంగానే ఉంది. ఇప్పుడు 20వ తేదీకి వద్దాం.

సిర్త్ నుంచి బయటపడుతున్న వాహనశ్రేణిపై నాటో విమానాలు దాడి చేశాయి. గద్దాఫీ రోడ్డు కింది మురుగునీటి తూములో దాక్కున్నారు. మిస్రాతా నుంచి వచ్చిన యోధులు బయటికి లాగారు. అప్పటికి ఆయన సజీవంగా ఉన్నారు. రక్తమోడుతూ, నిలబడి, మాట్లాడుతూ ఉన్నారు. సెల్‌ఫోన్ చిత్రాలలో లోకమంతా చూసింది. ఆ చిత్రాలలో ఉన్న మరికొన్ని చేష్టలను రాయడానికి మా కలం ఒప్పుకోదు. కొద్దిసేపటికి ఆయన శవం. ఎదురుకాల్పులలో తల మీద తూటా తగిలిందని తాత్కాలిక ప్రభుత్వం ప్రకటించింది. తరువాత నలువైపుల నుంచి ప్రశ్నలు రావడంతో విచారణ సంఘం వేస్తామన్నది.

మరణ రిజిస్టరులో "మరణ కారణము" అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే మా పై అధికారి పుస్తకం మా మొహాన విసిరేవాడు. కూలివాడైనా, కోటీశ్వరుడైనా ఆ గడి నింపాలి. నలభై రెండేళ్లు ఒక దేశాన్ని ఏలిన మనిషి విషయంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

శవాన్ని మిస్రాతా బజారులో మాంసం నిల్వ చేసే శీతల గదిలో ఒక పరుపు మీద పడవేశారు. పక్కన కుమారుడు ముఅతసిమ్ శవం. నాలుగు రోజులు. జనం ముక్కులకు గుడ్డలు కట్టుకుని బారులు తీరి చూశారు, ఫోటోలు దిగారు, పిల్లలను వెంట తెచ్చారు. ఆయన తెగ పెద్దలు శవాన్ని అప్పగించమని కోరితే ఇవ్వలేదు. 25వ తేదీ తెల్లవారకముందే ఎడారిలో ఎవరికీ తెలియని చోట పాతిపెట్టారు. ఆ బారులో నిలబడినవారిని తిట్టడం మా ఉద్దేశం కాదు. మిస్రాతా వాసులు నెలల తరబడి ఆయన సైన్యపు ఫిరంగుల కింద తమ పిల్లలను పాతిపెట్టుకున్నారు. తమను పీడించినవాడు నిజంగా చచ్చాడా అని కళ్లతో చూసుకోవాలనిపించడం మానవ సహజం.

సహజమైనది కనుకనే ధర్మం అక్కడ అడ్డుకట్ట వేసింది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ హంజా (రజి) దేహాన్ని ఏ స్థితిలో చూశారో దైవప్రవక్త (స) కన్నా ఎవరికి తెలుసు? అయినా ఆయన ముస్లా, అంటే శత్రువు శవాన్ని ఛిద్రం చేయడం, అవమానించడం నిషేధించారు. బద్ర్‌లో నేలకొరిగిన మక్కా సర్దార్లను పక్షుల పాలు చేయలేదు, గుంటలో పూడ్చిపెట్టారు. ఒక యూదుని పాడె వెళుతుంటే లేచి నిలబడ్డారు. తనపై కత్తి దూసినవాడి శరీరాన్ని కూడా ఛిద్రం చేయవద్దని హజ్రత్ అలీ (రజి) తన మరణశయ్య మీద చెప్పారు. తక్బీర్ పలుకుతూ చేసిన పని గనుక ఇది మన ధర్మం పేరున జరిగిందని ఇతరులు అనుకుంటారు. కాదని చెప్పవలసిన బాధ్యత గద్దాఫీ అభిమానుల మీద కన్నా ఆయన వ్యతిరేకుల మీద ఎక్కువగా ఉంది.

మాకు ధర్మంతోపాటు మరో కారణం కూడా ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు హైదరాబాదులో మన పిల్లలను ఎలా ఎత్తుకుపోయారో, ఏ ఇళ్లలో ఉంచారో, ఏం చేశారో పాఠకులు మరువలేదు. ఆనాడు వీధిలో, పత్రికలలో ఒకటే మాట: వీళ్లకు విచారణ ఏమిటి, కాల్చిపారేయాలి. మనం ఒక్కటే అడిగాము, కోర్టుకు తీసుకురండి, సాక్ష్యం చూపించండి అని. కోర్టుకు తెచ్చారు. సాక్ష్యం లేదు. నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ పిల్లలు నిరపరాధులు, గద్దాఫీ అపరాధి కదా అని ఆ యువకుడు మాతో వాదించాడు. నిజమే. కానీ నిరపరాధి ఎవరో అపరాధి ఎవరో తేలేది విచారణ తరువాతనే. ముందే అందరికీ తెలుసు అనుకున్న రోజున మన పిల్లలు కూడా అపరాధులే. "ఎన్‌కౌంటర్" అన్న మాట పుట్టి పెరిగిన గడ్డ మీద ఉంటూ, ఎదురుకాల్పులలో తూటా తగిలిందన్న ప్రకటనకు మనం చప్పట్లు కొట్టలేము.

విచారణకు దారి లేకనా? అంతర్జాతీయ నేర న్యాయస్థానం జూన్ 27ననే గద్దాఫీపై అరెస్టు వారంటు ఇచ్చింది. పొరుగున ఈజిప్టులో ముబారక్ 2011 ఆగస్టు నుంచి మంచం మీద పడుకునే బోనులో హాజరయ్యారు. ట్యునీషియాలో పారిపోయిన బెన్ అలీకి కోర్టు శిక్ష విధించింది; అక్టోబరు 23న ప్రజలు ప్రశాంతంగా వరుసలలో నిలబడి ఓట్లు వేశారు. అదే రోజున బెంఘాజీలో లిబియా విముక్తి ప్రకటన చేశారు, శీతల గదిలో శవం ఉండగా.

గద్దాఫీ బోనెక్కితే ఏం చెప్పేవారు? అబూ సలీంలో ఆజ్ఞ ఎవరిచ్చారో చెప్పవలసి వచ్చేది. మూసా సద్ర్ ఏమయ్యారో, లాకర్బీ వెనుక ఎవరో చెప్పవలసి వచ్చేది. వాటితోపాటు మరికొన్ని కూడా చెప్పేవారు. 2004లో ఆయన గుడారంలో టోనీ బ్లెయిర్ ఏమి మాట్లాడుకున్నారు? 2007లో పారిస్‌లో సర్కోజీ ఆయన కోసం గుడారం ఎందుకు వేయించారు? 2010లో సిర్త్‌లో బెర్లుస్కోనీ ఆయన చెయ్యి ఎందుకు ముద్దు పెట్టుకున్నారు? 2011 సెప్టెంబరులో ట్రిపోలీ గూఢచారి కార్యాలయంలో దొరికిన కాగితాలు, లిబియా అసమ్మతివాదులను పట్టి ఆయన జైళ్లకు అప్పగించింది అమెరికా, బ్రిటన్ సంస్థలేనని చూపుతున్నాయి. నిన్న ఖైదీలను అప్పగించినవారే నేడు విముక్తిదాతలు. ఒక మరణంతో ఎంతమందికి మనశ్శాంతి లభించిందో!

మన ప్రభుత్వం సంగతి కూడా చెప్పాలి. 2011 మార్చి 17న భద్రతామండలిలో లిబియాపై సైనిక చర్యకు దారితీసిన తీర్మానం మీద భారతదేశం ఓటు వేయలేదు. చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ కూడా తటస్థంగా ఉన్నాయి. పౌరులను కాపాడడానికన్న తీర్మానం ఏడు నెలలలో 26 వేలకు పైగా విమాన యాత్రలై, ఒక మనిషి వెంట పరుగై ముగిసింది. తటస్థత తప్పని మేము అనడం లేదు. తటస్థంగా ఉన్నవారికి ఇప్పుడు విచారణ కోరే నైతిక వీలు ఎక్కువ. దాన్ని మన ప్రభుత్వం వాడుకోవాలని అంటున్నాము.

ఆ విచారణ ఒక్క గద్దాఫీ మరణంతో ఆగకూడదు. సిర్త్‌లోని ఒక హోటలు ఆవరణలో 53 శవాలు దొరికాయి. కొందరి చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. మిస్రాతాకు దక్షిణాన తావర్గా అనే ఊరు ఉంది. ఉండేది అనాలేమో. సుమారు 30 వేల జనాభా, అధికులు నల్లనివారు, ఒకనాటి బానిసల సంతతి. గద్దాఫీ సైన్యంతో కలిసి మిస్రాతాను ముట్టడించారని, అత్యాచారాలు చేశారని వారిపై ఆరోపణ. చేసినవారు కొందరు ఉండవచ్చు. 2011 ఆగస్టులో ఊరు ఊరంతా ఖాళీ అయింది. ముసలివారు, చంటిపిల్లలు సహా శిబిరాల పాలయ్యారు. తిరిగి వస్తే చంపుతామని మిస్రాతా యోధులు అన్నారు; ఇళ్లు తగలబెట్టారు. ఎవరో కొందరు చేసిన పనికి ఒక చర్మపు రంగునంతటినీ బాధ్యులను చేయడం ఎలాంటిదో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ యువకుడు మాకు చెప్పిన ఒక సంగతి ఇక్కడ రాయాలి. వారి శిబిరంలో ఛాద్ దేశస్థుడు ఒకడు ఉండేవాడట. వీళ్లతోపాటే నమాజు, వీళ్లతోపాటే రొట్టె. గొడవలు మొదలైన వారంలో, కిరాయి సైనికులంటూ నల్లవారిని వీధులలో పట్టి కొడుతున్నారని తెలిసి, అతడు సామాను గదిలో సిమెంటు బస్తాల వెనుక మూడు రాత్రులు దాగాడు. వీళ్లను తీసుకువెళ్లే బస్సు వచ్చినప్పుడు అతణ్ని ఎక్కించుకోలేదు. జాబితాలో పేరు లేదు. "ఏమయ్యాడో తెలియదు సాహెబ్" అన్నాడు. జాలిమ్ పోయినందుకు షుక్రానా చదవాలన్న ఆ నోటితోనే ఈ మాట చెప్పాడు.

ఇక మనవైపు ఒక ముల్లు ఉంది. శుక్రవారం సాయంత్రమే మా పాత ఆఫీసు మిత్రుడొకరు ఫోను చేశారు. ముప్పై ఏళ్ల స్నేహం. ఆయనలో ద్వేషమన్నది లేదు. "ఏమండీ, మీవాడు పోయాడటగా" అన్నారు. మావాడు ఎలా అయ్యాడండీ అని నవ్వుతూనే అడిగాము. ఆయన కాస్త తడబడి, "అదే, మీ మతం కదా" అన్నారు. 2006లో సద్దాంను సరిగ్గా బక్రీదు దినాన ఉరితీసినప్పుడూ ఇదే పలకరింపు. లోకంలో ఎక్కడ ఏ ముస్లిం పాలకుడు హతుడైనా ఆ శవాన్ని తెచ్చి మన గుమ్మంలో పెడతారు. ఏడిస్తే ఒక అర్థం, నవ్వితే ఒక అర్థం, ఊరుకుంటే మరో అర్థం. అయితే ఆ మిత్రుణ్ని మాత్రమే ఎలా తప్పుపడతాము? గోడ మీద పటం కట్టుకుని "మనవాడు" అన్నది మనలోని పెద్దాయనే కదా. ఆనాటి లిబియాలో అరవై లక్షల మంది ముస్లింలు ఉన్నారు. ఆయన వారివాడు. ఆయన చేసిన మేలు వారు అనుభవించారు, కీడు వారు భరించారు. తీర్పు చెప్పే అర్హత మనకన్నా ముందు అబూ సలీం తల్లికి ఉంది, తావర్గా తల్లికి ఉంది. వారిద్దరి తీర్పు ఒకటి కాకపోవచ్చు.

కాబట్టి ఆ ఇద్దరికీ మా జవాబు ఇది. చాచా, మీ కన్నీళ్లను ఎవరూ ఆపరు. షహీద్ అన్న మాట మాత్రం అనకండి, బెంఘాజీలో ఆ మాట విని గుండె పగిలే ఇళ్లు వెయ్యికి పైగా ఉన్నాయి. బాబూ, నీ సంతోషాన్నీ ఎవరూ తప్పుపట్టరు. ఆ శీతల గది వీడియోను మాత్రం ఫోనులోంచి తీసెయ్యి, పేటలో పిల్లలకు చూపించకు. (ఈ రెండో మాట అతడు విన్నాడు. మొదటి మాటకు పెద్దాయన మాపై ఇంకా అలిగే ఉన్నారు. పటం గోడ మీదనే ఉంది.)

చివరగా ఒక ప్రకటన. లిబియా నుంచి 2011 ఫిబ్రవరి, మార్చి నెలలలో దాదాపు 18 వేల మంది భారతీయులలో అత్యధికులను ప్రభుత్వం నౌకలలో, విమానాలలో తిరిగి తెచ్చింది. ప్రాణాలు దక్కాయి. నెలల జీతం బకాయిలు అక్కడే ఉండిపోయాయి.  తెలుగు జిల్లాలలో అటువంటివారు మన సోదరులైనా, ఇతర మతస్థులైనా, పాసుపోర్టు, వీసా పేజీ, ఒప్పంద పత్రం, చివరి జీతం చీటీ, ఏది ఉంటే దాని నకళ్లు తీసుకుని మా కార్యాలయానికి రావచ్చు. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి. విదేశాంగ శాఖకు దరఖాస్తు మేమే రాసిపెడతాము. రాత ఖర్చు లేదు. ఆదివారాలు అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఉంటాము.